కిడ్నీ రిపోర్టులో కాల్షియం లైను ఎలా చదవాలి, కాల్షియం బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ మీదకే పోతాయి. అది పెరిగిందా తగ్గిందా చూసుకుని కాగితం మడిచి కవర్లో పెట్టేస్తారు. కింద ఎక్కడో కాల్షియం 9.1 అని ఉంటుంది, పక్కన ఉన్న రేంజి లోపలే ఉంటుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబులో పనిచేస్తాను. కౌంటర్ దగ్గర ఎక్కువగా వినపడేవి ఈ మాటలే: "కాల్షియం నార్మలే కదండీ, మరి ఇంకా ఆ బిళ్ళలు ఎందుకు?", "మోకాళ్ల నొప్పులకి మా అమ్మాయి కాల్షియం కొనిచ్చింది, వేసుకోవచ్చా?", "బీపీ మాత్ర కాల్షియం బ్లాకరట, ఎముకలు గుల్లయిపోవా అండీ?" క్యూలో నిలబడ్డవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పే జవాబులు కావివి, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మందు మార్చడం, ఆపడం మాత్రం డాక్టరు పని. ఇది చదివాక డాక్టర్ని సరైన ప్రశ్న అడగగలిగితే, బిళ్ళని సరైన టైంలో వేసుకోగలిగితే చాలు.

ముందు శాంపిల్ సంగతి

కాల్షియం అంకె రక్తం తీసే పద్ధతిని బట్టి కూడా మారుతుంది. చేతికి కట్టిన రబ్బరు పట్టీ చాలాసేపు ఉంచేస్తే రక్తంలో ప్రొటీన్లు చిక్కబడి, వాటిని అంటుకుని ఉండే కాల్షియం ఎక్కువ చూపిస్తుంది. నరం కనపడాలని పిడికిలి పదేపదే బిగించి వదిలితే పొటాషియం కూడా పైకి పోతుంది. కాబట్టి పిడికిలి ఒకసారి మూసి ఊరుకోండి, పట్టీ ఎక్కువసేపు ఉందనిపిస్తే వదులు చేయమని మొహమాటం లేకుండా అడగండి. ఊదా రంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, పైగా సాధారణంగా పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది. ఆ ట్యూబులోని రక్తం పొరపాటున వేరే ట్యూబులో పడితే కాల్షియం పాతాళానికీ పొటాషియం ఆకాశానికీ పోయినట్టు రిపోర్టు వస్తుంది. మనిషి మామూలుగా ఉండి రిపోర్టు ఇలా వస్తే వెంటనే మళ్లీ రక్తం తీయించండి, కానీ "ఏదో తప్పు వచ్చిందిలే" అని ఇంటికి మాత్రం వెళ్లిపోకండి, ఎందుకంటే కిడ్నీ పేషెంటులో పొటాషియం నిజంగానే పెరిగి ఉండొచ్చు.

జుట్టు ఊడుతోందని బయోటిన్ వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. కొన్ని మెషీన్లలో అది పీటీహెచ్ అనే హార్మోనుని (దీని గురించి కింద చెప్తాను) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, కిడ్నీ సరిగ్గా పనిచేయనివాళ్ల ఒంట్లోంచి త్వరగా పోదు కూడా. ఇంకొకటి, డయాలసిస్ కోసం ఫిస్టులా (రెండు రక్తనాళాలు కలిపే ఆపరేషన్) చేసిన చెయ్యి రక్తం తీయడానికి ఎవరికీ ఇవ్వకండి. ముందుముందు ఫిస్టులా చేయాల్సి రావచ్చని డాక్టరు అన్నా సరే, వీలైనంత వరకు అరచేతి వెనక నరం నుంచే తీయించుకోండి.

ఒక్క అంకెతో పని జరగదు

మొత్తం కాల్షియం మామూలుగా డెసిలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, ల్యాబుని బట్టి కొద్దిగా అటూ ఇటూ. ఇందులో సగానికి దగ్గరగా మాత్రమే విడిగా తిరిగే కాల్షియం, శరీరం వాడుకునేది అదే. నలభై శాతం దాకా ప్రొటీన్లకి, ముఖ్యంగా అల్బుమిన్‌కి అంటుకుని ఉంటుంది. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకి అల్బుమిన్ తగ్గుతుంది కాబట్టి మొత్తం కాల్షియం కూడా తక్కువగా కనపడుతుంది, అసలు కాల్షియం బాగానే ఉన్నా సరే. దీనికి వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది: 4లోంచి మీ అల్బుమిన్ తీసేసి, మిగిలినదాన్ని 0.8తో గుణించి, వచ్చింది కాల్షియానికి కలపండి. కాల్షియం 7.8, అల్బుమిన్ 2.5 అనుకోండి. 4లో 2.5 పోతే 1.5, దాన్ని 0.8తో గుణిస్తే 1.2, కలిపితే 9.0. తక్కువ అని భయపడ్డ అంకె నార్మల్ అయి కూర్చుంది. ఈ లెక్క కిడ్నీ జబ్బులో ప్రతిసారీ పక్కాగా ఉండదు, ఒంట్లో ఆమ్లం పెరిగినప్పుడు మరీ తేడా కొడుతుంది. అనుమానం ఉన్నచోట విడిగా తిరిగే కాల్షియాన్నే కొలిచే అయనైజ్డ్ కాల్షియం పరీక్ష రాయమని డాక్టర్ని అడగండి.

తర్వాత ఫాస్ఫరస్, మామూలు రేంజి 2.5 నుంచి 4.5. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి మాలిబ్డేట్‌తో రంగు తెప్పించే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రాసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే, ప్రపంచమంతా దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. మన మెషీన్లు చాలావరకు ఇప్పటికీ ఆ మాలిబ్డేట్ రసాయనం మీదే నడుస్తున్నాయి. ఆ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో అనిపిస్తుంది నాకు.

ఆ తర్వాత పీటీహెచ్. ఇది మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోను. దాంతోపాటు విటమిన్ డి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటేనే కాల్షియం లైనుకి అర్థం తెలుస్తుంది.

నార్మల్ ఎలా వచ్చిందో చూడాలి

కిడ్నీ బలహీనపడ్డకొద్దీ ఫాస్ఫరస్‌ని బయటికి పంపడం కష్టమవుతుంది. దాన్ని తోసేయడానికి ఎముకల్లోంచి ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోను పెరుగుతుంది. అది ఫాస్ఫరస్ పని చూస్తూనే, కిడ్నీలో విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి, అంటే కాల్సిట్రియాల్‌గా మార్చే పనిని తగ్గించేస్తుంది. కిడ్నీ కూడా దెబ్బతిని ఉండటంతో కాల్సిట్రియాల్ ఇంకా పడిపోతుంది. అది లేకపోతే తిన్నదాంట్లో కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. రక్తంలో కాల్షియం రవ్వంత తగ్గినా పారాథైరాయిడ్ గ్రంథులు పసిగడతాయి, వాటి మీద కాల్షియాన్ని కనిపెట్టే రిసెప్టారు ఉంటుంది, 1993లో దాన్ని గుర్తించారు. వెంటనే పీటీహెచ్ వదులుతాయి, అది ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తుంది. రిపోర్టులో 9.1 వస్తుంది.

"కాల్షియం నార్మలే కదా" అనేవాళ్లకి చెప్పాల్సింది ఇదే. 9.1 పక్కన పీటీహెచ్ 60 ఉంటే ఒక కథ, 600 ఉంటే పూర్తిగా వేరే కథ. రెండోదాంట్లో ఆ నార్మల్‌ని ఎముకలు అరిగిపోతూ నిలబెడుతున్నాయి. అక్కడ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పైన ఉందంటే ఎముకలో కరగడం, కట్టడం జోరుగా నడుస్తోందని అర్థం. ఇలా లాగిన కాల్షియం, బయటికి పోని ఫాస్ఫరస్ కలిసి రక్తనాళాల గోడల్లో, గుండె కవాటాల్లో పేరుకుంటాయి. డయాలసిస్ వాళ్లకి గుండె జబ్బులు ఎక్కువ రావడానికి ఇదొక పెద్ద కారణం. డయాలసిస్‌లో ఉన్నవాళ్ల పీటీహెచ్ మామూలు రేంజిలో ఉండాలని పట్టుబట్టరు కూడా. ల్యాబు పై హద్దుకి రెండు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల మధ్య ఉంచమని అంతర్జాతీయ కేడీఐజీఓ మార్గదర్శకాలు చెప్తాయి. కాబట్టి రిపోర్టులో పీటీహెచ్ ఎర్ర అక్షరాల్లో కనపడగానే టెన్షన్ పడిపోకండి, పాత రిపోర్టులు పక్కన పెట్టి అది ఎటు పోతోందో చూడండి.

కణం లోపల ఇదే కాల్షియం కబుర్లు మోస్తుంది

కాల్షియం అంటే ఎముక, పన్ను అనే అనుకుంటాం. కణం లోపల దాని ఉద్యోగం వేరు. కణం బయట కాల్షియం ఎంత ఉంటుందో, లోపలి ద్రవంలో దాదాపు దానికి పదివేలో వంతు మాత్రమే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీకి పైన నీళ్లు నిండుగా ఉన్నప్పుడు 70 గేట్లలో ఒక్కటి కాస్త ఎత్తినా కిందికి ఎలా దూకుతాయో, కణం పొరలో ఒక్క దారి తెరుచుకుంటే కాల్షియం అలా లోపలికొస్తుంది. ఆ రాకే కబురు. కండ ముడుచుకోవాలన్నా, గ్రంథి హార్మోను వదలాలన్నా, కణం బతకాలో చావాలో తేలాలన్నా ఆ కబురే కావాలి. పని అయిపోయాక లోపలికొచ్చినదాన్ని మళ్లీ బయటికి తోసెయ్యాలి, ఆ పంపులు కణానికి ఇంధనంలాంటి ఏటీపీతో నడుస్తాయి. ఏటీపీని 1929లో కండరాల్లోంచి వేరుచేసినవాళ్లలో కూడా సుబ్బారావుగారు ఉన్నారు.

ఇప్పుడు కిడ్నీకి వద్దాం. వడపోత దగ్గర పోడోసైట్లు అనే కణాలు కాళ్లు చాపి రక్తనాళాన్ని చుట్టుకుని ఉంటాయి, ప్రొటీన్ మూత్రంలోకి జారకుండా ఆపేది అవే. వాటి పొరలో టీఆర్‌పీసీ 6 అనే కాల్షియం దారి ఉంది. ఆ జన్యువులో మార్పు వల్ల కొన్ని కుటుంబాల్లో ఎఫ్ఎస్‌జీఎస్ అనే కిడ్నీ జబ్బు వస్తోందని 2005లో తేలింది. కాల్షియం అతిగా లోపలికి వస్తే కాల్సిన్యూరిన్ అనే ఎంజైము రెచ్చిపోయి ఆ కాళ్లు ముడుచుకుపోతాయి, ప్రొటీన్ కారుతుంది, మూత్రం నురగ కడుతుంది. ఇలా ప్రొటీన్ బాగా కారిపోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ ఆ కాల్సిన్యూరిన్‌ని ఆపే మందులే. ఇవి ఎక్కువైతే కిడ్నీనే దెబ్బతీస్తాయి కాబట్టి రక్తంలో లెవెల్ చూస్తారు. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం ఇచ్చే రోజు పొద్దుటి డోసు వేసుకోకుండా రండి, రక్తం ఇచ్చాక వేసుకోండి. వేసుకుని వచ్చేస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. ఈ మందు వాడేవాళ్లు వినాయక చవితి పాలవెల్లికి కట్టిన పంపరపనసకాయ తినకుండా వదిలేయాలి. గ్రేప్‌ఫ్రూట్ జాతిదే అది, మందు లెవెల్‌ని పైకి లాగుతుంది.

వంశపారంపర్యంగా కిడ్నీల్లో నీటి తిత్తులు వచ్చే జబ్బు, పాలిసిస్టిక్ కిడ్నీ, అది ఇంకో రకం. అక్కడ పాలిసిస్టిన్ 1 గానీ 2 గానీ చెడి కణం లోపలికి రావాల్సిన కాల్షియం కబురు తగ్గిపోతుంది, దాంతో సైక్లిక్ ఏఎంపీ అనే ఇంకో సంకేతం పెరిగి తిత్తులు ఉబ్బుతాయి. ఈ జబ్బుకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చిన టోల్వాప్టాన్ ఆ సైక్లిక్ ఏఎంపీ దారినే అడ్డుకుంటుంది. అది వాడేటప్పుడు నీళ్లు బాగా తాగాలి, లివర్ పరీక్షలు తప్పించకూడదు.

మే నెలలో మన ఎండకి వాంతులో విరేచనాలో పట్టుకుంటే కిడ్నీకి రక్తం తగ్గుతుంది, ఏటీపీ అయిపోతుంది, పంపులు ఆగుతాయి, కాల్షియం కణంలో నిండిపోయి దాన్ని చంపే ఎంజైములని లేపుతుంది. అదే సమయంలో ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళ మింగారంటే ఉన్న రక్తం కూడా తగ్గించినట్టే. అలాంటి రోజు నొప్పి బిళ్ళ ముట్టుకోకుండా డాక్టరుకి ఫోన్ చేసి, బీపీ మందులూ నీటి మాత్రలూ ఆ పూట వేసుకోవాలా వద్దా అడగండి.

బీపీ మాత్ర గురించి

అమ్లోడిపిన్, సిల్నిడిపిన్ వీటిని కాల్షియం చానెల్ బ్లాకర్లు అంటారు. ఇవి రక్తనాళాల కండల్లోకి కాల్షియం వెళ్లే దారిని మూస్తాయి, నాళం వదులవుతుంది, బీపీ తగ్గుతుంది. ఎముకల్లోంచి కాల్షియం తీసెయ్యవు, రిపోర్టులో కాల్షియాన్ని తగ్గించవు, మీరు వేసుకునే కాల్షియం బిళ్ళతో గొడవా పడవు. అమ్లోడిపిన్‌తో చీలమండల దగ్గర వాపు రావడం మాత్రం మామూలే. కిడ్నీ ఇంకా పాడైంది కాబోలనుకుని కొందరు సొంతంగా నీటి మాత్ర రెండు చేసుకుంటారు, ఆ వాపుకి నీటి మాత్ర పెద్దగా పనిచేయదు. డాక్టరుకి చెప్తే డోసు తగ్గిస్తారు లేదా వేరేది ఇస్తారు.

కాల్షియం బిళ్ళ వేసుకోవడం

డాక్టరు రాసిన కాల్షియం ఏ పనికో ముందు అడగండి. రెండు పనులున్నాయి. అన్నంతో కలిసి వెళితే అది తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టుకుని విరేచనంలో బయటికి తీసుకుపోతుంది. ఖాళీ కడుపున వెళితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, రక్తంలోకి ఎక్కుతుంది. ఫాస్ఫరస్ తగ్గించడానికి రాసిన బిళ్ళని రాత్రి పడుకునే ముందు పాలతో వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫాస్ఫరస్ తగ్గకపోగా కాల్షియం పెరుగుతోందని తర్వాత బాధపడతారు. ఫాస్ఫరస్ కోసమైతే అన్నం మధ్యలో వేసుకోండి, పప్పూ కూరా ఎక్కువగా తినే పూట, ఆదివారం మాంసం తినే పూట అస్సలు మర్చిపోవద్దు. కాఫీతో వద్దు. తినని పూట వేసుకోనక్కర్లేదు, అది కూడా డాక్టరుతో ఒక మాట అనుకుని.

స్ట్రిప్ మీద కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే, అంటే 40 శాతం. కాల్షియం అసిటేట్‌లో 25 శాతం. రోజుకి మొత్తం ఎంత పోతోందో ఇలా లెక్క వేసుకోవచ్చు, ఎందుకంటే కాల్షియం ఉన్న బైండర్లని, అంటే తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టేసే మందుల్ని, పరిమితంగానే వాడమని ఇప్పటి మార్గదర్శకాలు చెప్తున్నాయి. కార్బొనేట్‌కి కడుపులో ఆమ్లం కావాలి, పాంటాప్రజోల్ అనే గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకునేవాళ్లకి సరిగ్గా పనిచేయకపోవచ్చు. సెవెలమర్ అయితే కాల్షియం లేని బైండరు, నమలకుండా మింగాలి. లాంథనమ్ నమిలి మింగాలి. థైరాయిడ్ మాత్రకీ కాల్షియానికీ కనీసం నాలుగు గంటల తేడా పెట్టండి. ఐరన్ బిళ్ళ, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్స్ కూడా కాల్షియంతో కలిపి వద్దు.

మోకాళ్ల నొప్పులకి పిల్లలు కొనిచ్చే కాల్షియం, ఎవరో చెప్పారని వేయించుకునే 6 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజక్షను, వారానికోసారి వేసుకోమన్న 60,000 యూనిట్ల క్యాప్సూల్‌ని రోజూ మింగడం, ఇవన్నీ కలిసి కాల్షియాన్ని 12 దాటించగలవు. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న బీపీ మాత్రలు కూడా దాన్ని ఇంకొంచెం పైకి తోస్తాయి. కిళ్ళీ అలవాటున్న పెద్దవాళ్లకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. తాంబూలంలో సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడే, రోజుకి ఎన్నోసార్లు నమిలేవాళ్లు దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, కిళ్ళీ అతిగా నమిలి కాల్షియం పెరిగినవాళ్ల గురించి వైద్య పత్రికల్లో ఉంది.

సినకాల్సెట్ రాస్తే అది పారాథైరాయిడ్ మీదున్న ఆ కాల్షియం రిసెప్టార్ని ఇంకా చురుగ్గా చేసి పీటీహెచ్ తగ్గిస్తుంది. కాల్షియం కూడా తగ్గుతుంది కాబట్టి మొదలుపెట్టిన వారంలోపు కాల్షియం పరీక్ష చేయించాలి, తిండితోపాటే వేసుకోవాలి.

తిండిలో

పప్పులో ఫాస్ఫరస్ ఉంది కానీ అందులో చాలా భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, మన పేగులు దాన్ని సరిగ్గా పీల్చుకోలేవు. కూల్‌డ్రింకు కోలాల్లో, ప్యాకెట్ మాంసంలో, నిల్వ పదార్థాల్లో కలిపే ఫాస్ఫేటు మాత్రం దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. నన్నడిగితే పప్పు మానేసి కోలా తాగేవాళ్లది తలకిందుల పథ్యం. ఎండుచేపలు, నెత్తళ్లు ఉప్పు వల్లా ఫాస్ఫరస్ వల్లా పక్కన పెట్టాల్సినవి. రాగిజావ మంచిదని అందరూ చెప్తారు, 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, దాంతోపాటు ఫాస్ఫరస్, పొటాషియం కూడా ఉన్నాయి, కాబట్టి రోజూ గిన్నెడు తాగేముందు డైటీషియన్ని అడగండి. ఇదంతా కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ల సంగతి. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లది వేరే లెక్క. వాళ్లు భయపడి పెరుగు మానేస్తారు, గోంగూర మాత్రం మానరు, అసలు జరగాల్సింది దాదాపు దానికి తిరగేసి. తిండిలోని కాల్షియం గోంగూర, పాలకూరల్లోని ఆక్సలేట్‌ని పేగులోనే కట్టేస్తుంది. కాల్షియం తక్కువ తినేవాళ్లకే రాళ్లు ఎక్కువ వస్తున్నాయని 1993లోనే ఒక పెద్ద పరిశీలనలో తేలింది.

ఎప్పుడు పరిగెత్తాలి

కాల్షియం పెరిగితే కిడ్నీ గొట్టాల్లో కూడా ఉండే అదే కాల్షియం రిసెప్టారు ఉప్పునీ నీళ్లనీ వెనక్కి పీల్చుకోవడం ఆపేస్తుంది. మూత్రం ఎక్కువ పోతుంది, దాహం, మలబద్ధకం, వికారం, తర్వాత మత్తు, తికమక మాటలు. ఎండాకాలం ఇది ఎండదెబ్బలా కనపడుతుంది, ఇంట్లో కూర్చోబెట్టి మజ్జిగ పడుతూ పొద్దు పుచ్చకండి. కాల్షియం పడిపోతే పెదాల చుట్టూ, వేళ్ల చివర్లో తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం, బీపీ పట్టీ బిగించినప్పుడు చెయ్యి వంకర తిరగడం, మరీ తగ్గితే ఫిట్స్. వీటిలో ఏది కనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేద భస్మాలు ఉంటే వాటిని కూడా, సంచిలో వేసుకుని.

పరీక్షలు ఎంత తరచుగా అంటే, కిడ్నీ జబ్బు మూడో దశలో కాల్షియం, ఫాస్ఫరస్ ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, నాలుగో దశలో మూడు నుంచి ఆరు నెలలకి, ఐదో దశలోనూ డయాలసిస్‌లోనూ ఒకటి నుంచి మూడు నెలలకి. పీటీహెచ్ నాలుగో దశలో ఆరు నుంచి పన్నెండు నెలలకి, డయాలసిస్‌లో మూడు నుంచి ఆరు నెలలకి. మందు మార్చినప్పుడు ఇంకా ముందే చేయించమంటారు. పీటీహెచ్ ఒక్కో కంపెనీ కిట్టుతో ఒక్కోలా వస్తుంది, అందుకని ఒకసారి గుంటూరులో, ఇంకోసారి విజయవాడలో చేయించి అంకెలు పోల్చుకోకండి, ఒకే ల్యాబు పట్టుకోండి. డయాలసిస్ వాళ్ల రక్తం మాత్రం మెషీన్ మీద పెట్టకముందే తీయాలి. డయాలసిస్ ద్రవంలో కూడా కాల్షియం ఉంటుంది కాబట్టి అయిపోయాక తీస్తే ఆ అంకె మీది కాదు, ద్రవానిది.